గ్రామసభకు వెళ్లి పులిహోర తిని వచ్చాను

పద్దెనిమిదేళ్లుగా కర్నూలులో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. గ్రామసభ పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను కానీ, ఒక్క సభనూ కళ్లారా చూసింది లేదు. అందుకే మాబున్ని అనే నా పాత విద్యార్థిని ఫోన్ చేసి "మా ఊర్లో సభ ఉండాది, రండి టీచర్" అనగానే బయల్దేరాను. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో ఒక ఊళ్లో ఆమె వార్డు మెంబరు. వాళ్ల వీధికి కుళాయి లైను వేయాలని ఈ సభలో తీర్మానం చేయించాలన్నది ఆమె పట్టుదల. ఈసారి కాకపోతే ఎండాకాలమంతా ట్యాంకరే గతి.

ఆరు గంటల బస్సుకు బయల్దేరి ఎనిమిదికి ఎమ్మిగనూరు చేరాను. గంట నిలబడినా ఆదోని వైపు బస్సు రాలేదు. "ఆదోనిలో పార్టీ పెద్దాయన సభ మేడమ్, జనాన్ని తోలుకపోనీకి బస్సులన్నీ పెట్టుకున్నారు" అన్నాడు ఆటో అతను. నలభై రూపాయల దూరానికి రెండొందలు అడిగాడు. ఇదేం అన్యాయమన్నా అంటే, "ఆయప్ప దినామూ వస్తాడా ఏంది?" అని నవ్వాడు. తిట్టుకుంటూ ఎక్కాను.

పది కావస్తుండగా దిగాను. పంచాయతీ ఆఫీసు ముందు రెండు బస్సులు జనంతో నిండుతున్నాయి. కండువా వేసుకున్న ఒకాయన అందరికీ పులిహోర పొట్లాలు పంచుతూ నాకూ ఒకటిచ్చి, కాగితం చాపాడు. "సంతకం పెట్టక్కా, పొట్లాల లెక్కకు." కాగితం పైభాగం ఖాళీగా ఉంది. నేను ఆకలి మీదున్నాను, పెట్టేశాను. బస్సులు ఆదోనికి వెళ్లిపోయాయి.

లోపల మాబున్ని ఒక్కతే అర్జీ పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కార్యదర్శి ఆ కాగితాలే తెచ్చి, స్కేలు పెట్టి గీత గీసి, పైన 'గ్రామసభ హాజరు' అని నింపాదిగా రాశాడు. తీర్మానం ఒకటే: పెద్దాయనకు ధన్యవాదాలు, ఏకగ్రీవం.

"సభ యాడ జరిగింది సార్?" మాబున్ని నిలదీసింది.

"ఇంతమంది సంతకాలు పెట్టినారు కదమ్మా. నీ కుళాయి సంగతి వచ్చే సభలో చూద్దాంలే."

బల్ల మీద ఆయన ఫోన్‌లో పెద్దాయన ఉపన్యాసం మోగుతోంది: "మీ మాటే నా మాట!" నాకు ఒళ్లు మండిపోయింది. కార్యదర్శిని కడిగేద్దామని లేచాను. మాబున్ని అప్పటికే ఒక్కో సంతకం మీద వేలు పెట్టి చదువుతోంది. వేలు ఒకచోట ఆగింది.

"సదవకుండా సంతకం పెట్టొద్దని మాకు సెప్పింది మీరే కదా టీచర్?"

పెన్ను లాక్కుని నా పేరు కొట్టేశాను. "ఒకటి పోతే ఏం గాదులే మేడమ్, శానా ఉండాయి" అన్నాడు కార్యదర్శి.

తిరుగుదారి అంతా నా మీద నాకే చిరాకు. జనం పేరు జపించే నాయకుడికి జనం మాట్లాడే చోటు ఎందుకు గిట్టదో పిల్లలకు పీరియడ్ అంతా చెప్పగలను. ఆ చోటు మూసేయడానికి నేనూ ఒక చెయ్యి వేశాను, అదీ పొట్లం పులిహోరకు. బయల్దేరే ముందు మాత్రం, జరిగింది జరిగినట్టు రాసి, మాబున్ని అర్జీతో కలిపి పై ఆఫీసులో ఇస్తానన్నాను. ఆమె అర్జీ నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

మీరు కూడా గ్రామసభ చూడ్డానికి వెళ్తుంటే ఒక్కటే సలహా: ఇంట్లోనే కడుపునిండా టిఫిన్ తిని బయల్దేరండి.