మాస్టారు చెప్పని పోటీ

నొప్పుల నూనె అంటిన తడి తువ్వాలు వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గజపతినగరంలో ఆడపిల్లలకు కిక్‌బాక్సింగ్ నేర్పుతూ ఆ వాసన తప్పించుకోవడం ఎలాగూ కుదరదు. తువ్వాలు భుజాన వేసుకున్న ప్రతి సాయంత్రం అప్పన్న మాస్టారు గుర్తొస్తారు. ప్రేమగా మాత్రం కాదు.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వాడకొస్తున్న రోజులు. కళింగపట్నంలో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఆయన మాకు ఆట నేర్పేవారు. గోడకు ఒక జపాన్ ఛాంపియన్ ఫొటో, దానికి రోజూ కుంకుమ బొట్టు. మా అమ్మ ఓసారి చేపల గంప దించి, ఎవరో కొత్త దేవుడనుకుని దండం కూడా పెట్టింది. మాస్టారు జపాన్ చూసిందీ లేదు, ఆ భాష వచ్చిందీ లేదు. ఫోనులో ఆ ఛాంపియన్ పోటీలన్నీ చూసి, ప్రాక్టీసు అయ్యాక మమ్మల్ని ఇసుకలో కూర్చోబెట్టి రోజుకొకటి కథలా చెప్పేవారు. తొలి బెల్టు గెలవడం, విరిగిన చేత్తో ఐదు రౌండ్లు నిలబడటం, పడ్డ ప్రతిసారీ లేవడం. మేము నోళ్లు వెళ్లబెట్టి వినేవాళ్లం. ఎప్పుడూ ఓడిపోలేదా అని అడిగితే, "ఆడు మనలాటోడనుకున్నావేటే? ఆట మద్దెలో ఒగ్గీడం తెలీదు ఆడికి" అనేవారు.

ఆయన నాకేమీ చేయలేదని అనను. ఆడపిల్ల కాలెత్తితే పళ్లికిలించే మా వాడ మగాళ్ల నోళ్లు జిల్లా పతకంతో మూయించింది ఆయనే. అందుకే ఆయన మాట నాకు వేదవాక్కు. మా నాన్న వేరే రకం, సముద్రం మీద బతికిన మనిషి. "గాలి మారితే వల కోసీసి వచ్చీడమే. వల మళ్లీ అల్లుకోవచ్చు" అనేవాడు. నాకది పిరికి మాటలా ఉండేది.

విజయనగరంలో రాష్ట్ర ఫైనల్. రెండో రౌండులో నా ఎడమ చెవి మీద కాలు తగిలింది. లోపల ఈల మొదలైంది, నేల ఒరిగిపోయింది. విరామంలో చెప్పాను.

"మాస్టారూ, సెవిలో రగతం వస్తన్నాది."

ఆయన నా మొహం తుడిచారు. "జపానోడు ఇరిగిన సేత్తో ఆడాడే గౌరీ. నీది సెవే కదా!"

మూడో రౌండులో మళ్లీ అక్కడే తగిలింది. జనంలోంచి నాన్న అరిచాడు. "తువ్వాలు ఇసిరీండి మాస్టారూ! దండం పెడతాను, ఇసిరీండి!" గురువు తువ్వాలు రింగులో వేస్తే ఓటమి ఒప్పుకున్నట్టే, పోటీ ఆగిపోతుంది. అది మాస్టారి భుజం మీదే ఉండిపోయింది. నాన్న అలా బతిమాలుతున్నందుకు నాకు సిగ్గేసింది. ఆ చెవితో నేను విన్న చివరి మాట అదే.

ఆసుపత్రి నుంచి వచ్చాక, పనీపాటా లేక ఆ జపాన్ ఛాంపియన్ పోటీలు నేనే వెతికి చూశాను. ఆఖరిదీ దొరికింది. నాలుగో రౌండులో అతని గురువు తువ్వాలు విసిరేశాడు. విసిరి, పరుగున వెళ్లి శిష్యుణ్ణి వాటేసుకున్నాడు. ఫోను పట్టుకుని తిన్నగా షెడ్డుకు వెళ్లాను.

"ఇది సూసేరా మాస్టారూ?"

"సూసేను."

"మాకెందుకు సెప్పలేదు?"

ఆయన ఫొటో వైపే చూస్తూ అన్నారు. "సెప్తే నువ్వు మూడో రౌండు దిగుదువేటే?"

తర్వాత కొన్నాళ్లకు ఆయన పోయారు. నా కోపం పోలేదు.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఆ ఆఖరి పోటీయే ముందు చూపిస్తాను. అదేదో ఘనకార్యమని మురిసిపోయేదాన్ని కూడా. కిందటి నెల జిల్లా ఫైనల్లో నా శిష్యురాలు పైడమ్మ ముక్కులోంచి నెత్తురు కారగానే తువ్వాలు విసిరేశాను. పాయింట్లలో ముందున్నది తనే. చిన్న దెబ్బేనన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో పైడమ్మ నా కుడిపక్కన కూర్చుని అంది.

"నేను గెలిసీదాన్ని మేడమ్. మీరే బయపడ్డారు."

నిజమే, భయపడ్డాను. ముక్కు తుడుచుకోమని నా భుజం మీది తువ్వాలు ఇచ్చాను. తీసుకోలేదు.