వదిన ఫోను చదవని బటన్

మా వదిన, అంటే మా ఆయన అక్క, మైపాడులో ఎండుచేపలమ్ముతుంది. చూపు పోయి చాలాకాలమైంది. తెరమీదున్నది చదివి వినిపించే ఫోను ఒకటి ఉంది ఆమెకి. ఎండిన నెత్తళ్ళను వేళ్ళతో నలిపి ఇసుక ఉందో లేదో చెప్పే మనిషి, చీటీల ఫొటోలుగా వచ్చే ఆర్డర్లు ఒప్పుకోవడానికి మాత్రం పక్కింటివాళ్ళను పిలవాల్సి వచ్చేది. అది ఆమెకు మహా నామోషీ. అందుకే వెబ్‌సైట్ పెట్టించింది.

కట్టింది మా తమ్ముడు. నెల్లూరులో వాడి పని అదే. నేను హెచ్‌టీఎంఎల్ చేత్తో రాసిన తరందాన్ని. వాడు సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్ లేనిదే గీత కూడా గీయడు. తయారుగా ఉన్న పేర్లు నాలుగు తగిలిస్తే చాలు, రంగులూ నీడలూ అవే వస్తాయి. సైటు ముచ్చటగానే ఉంది. కానీ వదిన తెరమీద వేలు జరిపితే ఫోను "నెత్తళ్ళు, అర కిలో" అని, తిన్నగా తర్వాతి ఆర్డరుకు పోయింది. ఒప్పుకునే చోటు ఊసే ఎత్తలేదు.

"పచ్చ టిక్కు పెట్టినా కదక్కా, అందరికీ కనపడతా ఉండాది," అన్నాడు వాడు.

"నాకు తప్ప, అబ్బయ్యా," అంది వదిన నవ్వుతూ.

నేను లోపలి కోడ్ తెరిచాను. శీర్షికా డివ్వే, అంటే ఏమిటో చెప్పని ఉత్త డబ్బా, జాబితా డివ్వే, బటనూ డివ్వే. డబ్బాలో డబ్బా, ప్రతి డబ్బాకూ మూరెడు పేర్లు. ఆ టిక్కు ఉత్త బొమ్మ. అక్కడ చదవడానికి ఒక్క అక్షరం లేదు, నొక్కేదని చెప్పే గుర్తూ లేదు.

"పెళ్ళికొడుకులాగా ముస్తాబు చేసినావు. నువ్వెవరని అడిగితే దానికి నోరు లేదు," అన్నాను.

ఫ్రేమ్‌వర్కే అంత అన్నాడు. పాపం, దాని తప్పేముంది? బటన్‌ని బటన్‌గానే రాయమని దాని సూచనల్లోనే ఉంది. వీడు చదివితే కదా, ఎక్కడిదో పాత సైటునుంచి ఎత్తుకొచ్చి అతికించాడు. కాసేపు వాదులాడి, ఆ డబ్బా తీసేసి, అసలు బటన్ పెట్టి, మీద మాట రాశాడు. రంగు మారలేదు, నీడ చెదరలేదు. అదొక్కటే వాడికి ఊరట.

వదిన మళ్ళీ వేలు జరిపింది. "ఆర్డర్ ఒప్పుకో, బటన్," అంది ఫోను. నొక్కింది. తర్వాతిదీ నొక్కింది. మేం టీ తాగుతున్నంతసేపూ ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. అన్నీ అయ్యాక లేచి లోపలికి వెళ్ళింది.

తమ్ముడు బయల్దేరేసరికి స్కూటర్ మీద ఓ గోనెసంచి కూర్చుని ఉంది. పరీక్షకని వాడు తన పేరుతోనే పెట్టుకున్న ఆర్డరు, పది కిలోల ఎండు రొయ్యలు.

"వదినా, అది ఉత్త టెస్టింగు."

"నేను ఒప్పుకుంటిని గదా, అబ్బయ్యా. తీసకపో."

నెల్లూరు దారిలో ఇందుకూరుపేట దాటేదాకా కుక్కలు వెంటపడ్డాయని ఫోన్ చేసి నన్ను తిట్టాడు.