వల్లెమ్మకు ఇస్తామన్న మూడు సెంట్లు

నవంబరు మొదటి వారం, మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి పోస్టు చేరాను. కాశ్మీరంలో ఒక కొండ కొస. కింది క్యాంపు నుంచి రెండు రోజుల నడక. వీపున ఇరవై కిలోల మూట, కాళ్ళకు ఒక సైజు పెద్ద మంచు బూట్లు, లోపల మూడు జతల మేజోళ్ళు. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. ఊళ్ళో ఎవరడిగినా అంతే చెబుతాను. నిజానికి పన్నెండున్నర వేలు.

మొత్తం పదకొండు మందిమి. రెండు బంకర్లు, ఒక కిరోసిన్ కుంపటి. ఆర్డరు ఒకటే: ఎదురు కొండ మీద నుంచి కన్ను తీయకూడదు. నేను మెషిన్‌గన్ వెనక కూర్చునేవాణ్ణని మనవళ్ళకు చెప్పాను. వాళ్ళు బడిలో వ్యాసం కూడా రాశారు. నేను వంటవాణ్ణి. నాకిచ్చిన తుపాకీ బియ్యం మూటల వెనక ఉండేది. ఆ చలికాలమంతా నేను కాల్చింది రొట్టెలే.

మా రేడియో ఆపరేటరుది నగరి. మగ్గం నేసే ఇంటి బిడ్డ. నాది పుత్తూరు పక్క పల్లె కాబట్టి నన్ను అన్నా అనేవాడు. కిందికి సందేశం హిందీలో ముగించి, హెడ్‌ఫోన్ తీయకుండానే నా వైపు తిరిగి, "ఈ పొద్దు ఏం కూరన్నా?" అనేవాడు. ఉర్లగడ్డ అనేవాణ్ణి. నిన్నా అదే కదా అనేవాడు. రేపూ అదే అనేవాణ్ణి.

తెల్లవారి ఐదున్నరకు మొదటి సందేశం పోవాలి. అంతకుముందే ఏంటెనా మీద పేరుకున్న మంచు రాలగొట్టాలి. అందరికంటే ముందు లేచేది వంటవాడు కనుక ఆ పని నాది. పనిముట్టు నా పొడవు కాడ గరిటె.

జనవరిలో ఒకరోజు, ఐదూ పది. కుంపటి పక్కన వెచ్చగా ఉంది. టీకి మంచు కరుగుతోంది. ఈ పొద్దు నువ్వు పోరా, నీ రేడియోనే కదా అన్నాను.

"సరేలేన్నా. టీలో సక్కెర కొంచెం ఎక్కువెయ్" అని గరిటె తీసుకుని పోయాడు.

ఏంటెనా పక్కన నేల అనుకున్నది వట్టి మంచు పెచ్చు. దాని కింద ఏమీ లేదు. తొమ్మిదీ నలభైకి దొరికాడు. జిల్లా మనిషినని శవపెట్టె వెంట నన్నే పంపారు. ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళ పైమాట.

వాడి భార్య వల్లెమ్మ. సైన్యం ఇవ్వవలసిన పింఛను వస్తోంది. దాని మీద ఆమెకు ఫిర్యాదు లేదు. రానిదల్లా, అప్పటి నాయకుడు పెట్టె పక్కన నిలబడి ఇస్తానన్న మూడు సెంట్ల ఇంటి స్థలం. ఆయన పోయాడు, ఇంకొకరు వచ్చారు, వాళ్ళూ ఇస్తామన్నారు. పోయిన ఏడాది ఆమె అద్దె ఇంటి ఓనరు పడగొట్టి మిద్దె కట్టుకుంటానని గడువు పెట్టాడు. అప్పుడే తిరుపతిలో మాజీ సైనికుల సన్మాన సభ అన్నారు. ఆమెను వెంటబెట్టుకుని పోయాను.

ఇప్పటి నాయకుడు రెండు గంటలు ఆలస్యం. శాలువలు చాలలేదు. నాకు కప్పింది నేను మెట్లు దిగేలోపే లాక్కుని వెనకవాడికి కప్పారు. సభ నడిపే అతను నా చెవిలో, "రెండు నిమిషాలు మాట్లాడు పెద్దాయనా. కొంచెం వేడిగా ఉండాల, జనం లేయాల" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి? ఎదురు కొండ నుంచి నలభై మంది దిగారన్నాను. మా రేడియోవాడు ఒక చేత్తో సెట్టు, ఒక చేత్తో తుపాకీ పట్టి ఆరుగురిని పడగొట్టాడన్నాను. నా చేతుల్లోనే ప్రాణం వదిలాడన్నాను. జనం లేచారు. నాయకుడు కెమెరా ఎటుందో చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. వల్లెమ్మను చెల్లెమ్మా అని పిలిచి, నెల తిరిగేలోపు మూడు సెంట్లు అని మైకులో చెప్పాడు. ఆమె ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

మూడు నెలలు తిరిగాను. చివరికి నాయకుడి పి.ఏ. కుర్చీ చూపించాడు. "సూడు పెద్దాయనా, మిలిటరీ కాగితంలో మంచులో జారి పడినాడని ఉండాది. నువ్వేమో మైకులో యుద్ధం జరిగిందన్యావు. ఆ వీడియో అందరూ సూసినారు. రేపు అవతల పార్టీవోళ్ళు పట్టుకుంటే సారు పరువేం గావాల?"

డ్యూటీలో జారి చచ్చినవాడు చచ్చినవాడు కాదా అని అడిగాను.

"అది సెంటిమెంటుకు పనికిరాదబ్బా" అన్నాడు. కోపంగా కాదు, ఓపికగా.

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

నేరుగా నగరి పోయాను. వల్లెమ్మ మరమగ్గం ఆపి బయటకు వచ్చింది. స్థలం నా నోటి వల్లే పోయిందని చెప్పాను. ఆ పొద్దున మంచు కొట్టే వంతు నాదని కూడా, ఇన్నేళ్ళకు, చెప్పాను.

చేతులకంటిన దూది తీసుకుంది. "కొండ మింద ఏం జరిగిందో నాకు తెలుసన్నా. అప్పుడే పై ఆఫీసరు జాబు రాసినాడు. గరిటె సంగతి కూడా రాసినాడు. నీ వంతని మాత్రం రాయలేదు." లోపలికి పోబోతూ ఆగింది. "ఇంకో అర్జీ రాయి. ఈసారి ఉండేది ఉన్నట్టు రాయి. నీ వంతు కూడా రాయి."

రాసి నాయకుడి ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్న కుర్రాడు చదవలేదు; వచ్చే నెల సన్మానానికి ఖాళీగా ఉంటానా అని అడిగాడు. వల్లెమ్మ ఇల్లు ఖాళీ చేసింది. ఇప్పుడు మగ్గాల షెడ్డు వెనక రేకుల గదిలో ఉంటోంది.

ఆ జనవరిలో నేను కొండ నుంచి తిరిగి వచ్చింది పెట్టెతోనే. నగరి చేరేసరికి ఉదయం పదకొండు. వీధిలో లారీ ఆగగానే వల్లెమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి పెట్టె మీద పడింది. ఖద్దరు చొక్కా ఒకడు ఆమె భుజం తట్టి, "కొంచెం ఆపమ్మా. సారు దారిలో ఉండాడు, కెమెరావోళ్ళు కూడా రాలేదు. స్థలం ప్రకటిస్తాడు, అప్పుడు ఏడుద్దువు గానీ" అన్నాడు. నేను యూనిఫారంలో పక్కనే ఉన్నాను. ఇరవై రెండేళ్ళ పిల్ల. పెట్టె మీద నుంచి లేచి, కొంగు నోట్లో కుక్కుకుని, ముప్పావు గంట ఏడుపు ఆపుకుని నిలబడింది.