బోగస్ రీడ్ల ఏరివేత

నాలుగేళ్ల చదువును ఒక్క పూటలో ముంచేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను, ఈ ప్రభును చూడండి. సీడీల రోజుల్లో, బాపట్లలో వరి పరిశోధన చేసే ఒక ల్యాబులో వెలగబెట్టాను ఆ ఘనకార్యం.

అంతకుముందు రేపల్లెలో రేషన్ కార్డుల కంప్యూటర్ పని చేసేవాణ్ణి. ఒకే పేరు రెండుసార్లు కనబడితే బోగస్ అని తీసెయ్యడమే ఉద్యోగం. అందులో నేను రాక్షసుణ్ణి. ఆ గర్వంతోనే ల్యాబులో చేరాను. వరి డీఎన్ఏను హైదరాబాదులో యంత్రం చిన్న ముక్కలుగా చదివేది. ఒక్కో ముక్కను రీడ్ అంటారు. ఆ రీడ్లను దాచి, అడిగినప్పుడు వెతికిచ్చే డేటాబేస్ తయారుచెయ్యడం నా పని. రీడ్లన్నీ షాహిదా గారివి. తెనాలి ఆవిడ, చౌడు నేలను తట్టుకునే వరి మీద నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నారు. సోమవారం థీసిస్ ఇవ్వకపోతే గడువు అయిపోయినట్టే.

శుక్రవారం పొద్దున టిఫిన్ చేసొచ్చి చూద్దును కదా, ఒక్కో ముక్క, అక్కడక్కడా ఒక అక్షరం తేడాతో, ఎనిమిదేసి సార్లు ఉంది! నాకు ఒళ్లు మండింది. ఒకటి ఉంచి ఏడింటిని ఏరిపారేశాను. మెచ్చుకుంటారని ఆవిడను నేనే పిలిచాను, చూడండి నా తెలివి.

ఆవిడ తెర వంక చూసి, "నా రీడ్లు ఏవి ప్రభూ?" అన్నారు.

"బోగస్‌వి తీసేశానండి."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. యంత్రం అప్పుడప్పుడు అక్షరం తప్పు చదువుతుందట. అందుకే ఒకే చోటును పదేపదే చదివిస్తారట, ఎక్కువసార్లు వచ్చిందే నిజమట. నేను ఉంచినది తప్పో ఒప్పో ఇక దేవుడికే తెలియాలి.

"పోనీ, బ్యాకప్ ఉందిగా?" అన్నారు ఆశగా.

"అదీ రెండో కాపీయే కదండీ, దాన్నీ తీసేశా..."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. హైదరాబాదు నుంచి వచ్చిన అసలు సీడీలు తెనాలిలో ఇంట్లో ఉన్నాయని బ్యాగు తీసుకుని లేచారు. నేనూ వెనకే పరిగెత్తాను. ఇద్దరం తెనాలి రైలెక్కాం.

ఇంటికి వెళ్లేసరికి వాళ్లమ్మగారు డాబా మీద సేమియాలు ఎండబెడుతున్నారు. పైన దారాలకు కట్టిన సీడీలు తళతళా తిరుగుతున్నాయి.

"పెట్టి చూశా, పాటలేం రాలేదు. కాకులు మాత్రం దిగట్లేదు" అన్నారావిడ తృప్తిగా.

దారాలు తెంపి ఇంట్లో కంప్యూటర్లో పెట్టాం. మొదటిది గరగరలాడి ఆగిపోయింది. రెండోదీ అంతే. మూడోది పెట్టకుండానే షాహిదా గారు మొహం కప్పుకుని ఏడ్చేశారు. నేను చెరిపింది ఫైళ్లు కాదు, ఒక మనిషి నాలుగేళ్లు అని అప్పుడు అర్థమైంది. నేలలోకి దూరిపోతే బాగుండుననిపించింది.

వాళ్లమ్మగారు కంగారుపడిపోయి, "ఇట్టాంటివే ఇంకో కట్ట మొన్న పోస్టులో వచ్చిందిగా, బీరువాలో పెట్టా" అన్నారు. ఎందుకైనా మంచిదని హైదరాబాదు వాళ్లు మళ్లీ పంపారన్నమాట. పెట్టాం. అన్నీ తెరుచుకున్నాయి. అప్పుడుగానీ నాకు ఊపిరి రాలేదు.

ఊపిరి వచ్చాక నోరూరుకుంటుందా? "ఒకేలాంటివి రెండు కట్టలున్నా ఎందుకు దాచారమ్మా?" అని అడిగాను.

"రెండుంటే ఒకటి వాడుకుని ఒకటి దాచుకోవాలి బాబూ. రెండోది పారేసే పిచ్చోడు ఎవడన్నా ఉంటాడా?"

షాహిదా గారు కళ్లు తుడుచుకుంటూ, "ఉన్నాడమ్మీ. నీ ఎదురుగానే కూర్చున్నాడు" అన్నారు.

థీసిస్ సోమవారం అందింది. కనుక యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఒకేలాంటివి రెండు కనబడితే చేతులు వెనక్కి కట్టుకుని, రెండింటికీ నమస్కారం పెట్టి వెళ్లిపోతాను.