గుడ్డెలుగు దారివ్వని పొద్దు

పెళ్లయిన మూడో నెలలో, ఎండాకాలం మొదట్లో, అత్తింటివాళ్లు నాకు అడవి చూపిస్తామని బయల్దేరదీశారు. నేను నేలకొండపల్లి పిల్లను, వరిపొలాలు తప్ప చూసింది లేదు. మా ఆయన అన్న, మా బావగారు, కొత్తగా వ్యాను కొన్నారు. ఆయన నడుపుతుంటే పక్కన మా ఆయన, వెనక సీట్లో అత్తమ్మ, నేను. చండ్రుగొండలో టీ తాగి, ఎండగా ఉందని దారిలో రెండు గ్లాసుల మజ్జిగ కూడా తాగాను. అదే తప్పయింది.

తారురోడ్డు దిగాక దారి సన్నబడింది. రెండువైపులా వాననీళ్లు కోసేసిన ఎర్రమట్టి గండ్లు, గడ్డి కూడా మొలవని దిబ్బలు. దుప్పులు కనబడ్డప్పుడల్లా అందరూ "అదిగో" అంటున్నారు. నాకేమీ ఆనడం లేదు. ఒంటికి పోవాలి. కాళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. బావగారి ముందు బండి ఆపమని ఎట్లా చెప్పను?

ఒక మలుపులో బండి దానంతటదే ఆగినట్టు ఆగింది. ముందర ఇప్పచెట్టు. రాలిన పూలు ఏరుకు తింటూ గుడ్డెలుగు, దాని వెంట రెండు పిల్లలు.

"అద్దాలు ఎక్కించుండ్రి, జల్దీ," అన్నారు బావగారు.

"వెనక్కి పోదామా అన్నా?"

"యాడికి పోతం? చక్రం జరంత జరిగితే గండిలనే."

ఫోనుకు సిగ్నల్ లేదు. పైన రేకు కాలుతోంది. గంటయిందేమో, అది తింటూనే ఉంది. పిల్లలు దొర్లుతుంటే అన్నదమ్ములు మురిసిపోతున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఆగలేక అత్తమ్మ చెవిలో చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నాకూ గట్లనే ఉన్నదే, ఇందాకటి సంది," అందామె మెల్లగా. తర్వాత గట్టిగా, "అరే, మీరిద్దరు ముందల్నే చూడుండ్రి. ఎనక్కి తిరిగిండ్రో, ఊకోను."

"అమ్మా, ఏందే? ముందల గుడ్డెలుగున్నది!"

"ఉండనీ."

పక్క తలుపు చప్పుడు కాకుండా జరిపి ఇద్దరం దిగి, బండి వెనక నక్కాం. ఒకరు కూర్చుంటే ఒకరు కాపలా. నా వంతు అయ్యేదాకా అత్తమ్మ నా భుజం వదల్లేదు. లోపలికి దూరి తలుపు వేసుకున్నాక చూస్తే, ఎలుగు తలెత్తి మావైపే చూస్తోంది. కాసేపటికి మళ్లీ తల దించింది.

మధ్యాహ్నం దాటాక అది పిల్లల్ని వెంటేసుకుని గండిలోకి దిగిపోయింది.

ఇంటికొచ్చాక మా ఆయన గుడ్డెలుగు కథ వాడకట్టంతా చెప్పాడు. మేం దిగిన సంగతి ఎత్తలేదు. తర్వాత ఏ ప్రయాణంలోనైనా నా మొహం చూసి అత్తమ్మే, "బండి ఆపురా, నేను దిగాలె," అనేది. నా నోటితో నేను అడగడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.