ఇండికేటర్ బాబాయి

"ఎవరు చేశారీ పని?" అని తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే, మా నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి "మా తమ్ముడు" అన్నాడు. ఆ తమ్ముడు, అంటే మా బాబాయి, పక్కనే ఉన్నాడు. చేతిలో టెస్టర్ లైటు ఉంది. అవుననలేదు, కాదనలేదు. పదకొండేళ్లయింది. ఆ రెండు మాటల కిందే ఆయన బతుకు నలిగింది.

జరిగింది ఇదీ. మా షెడ్డులో ఇండికేటర్ స్విచ్చి బాగుచేయించుకుని ఒక పాత పికప్పు బయల్దేరింది. మొదటి మలుపు ఎడమకు తిరిగింది. తిరిగాక ఇండికేటర్ దానంతట అది ఆగాలి. ఆగలేదు. డొక్కు బండి మోతలో డ్రైవరుకు టక్కుటక్కు వినపడలేదు. తర్వాతి సందు మొగలో సైకిలు మీద ఒకావిడ ఆగి ఉంది. బండి తన సందులోకే తిరుగుతుందనుకుని రోడ్డెక్కింది. బండి నేరుగా పోయింది. ఆవిడ బట్టలు కుట్టేది, కాలితో తొక్కే మిషను మీద. ఆ కాలే పోయింది.

ఆ వారం నుంచి మా వీధిలో బాబాయి పేరు ఇండికేటర్. "ఇండికేటర్ వస్తున్నాడు, ఎటు తిరుగుతాడో దేవుడికే ఎరుక" అని టీ కొట్టు దగ్గర నవ్వేవాళ్లు. ఆయన వచ్చిన దారినే తల దించుకుని వెనక్కి పోయేవాడు. నెల తిరక్కుండా షెడ్డు వదిలేసి, రైలు గేటు అవతల రేకుల గదిలోకి మారాడు. ఇక బాగుచేసేవి హారన్లు, టార్చిలైట్లు, పిల్లల సైకిలు దీపాలు. ఇంజను ఉన్న బండి ఒక్కటీ ఆ గేటు దాటి ఆయన దగ్గరికి పోలేదు.

అంతకుముందు ఊళ్లో వైరింగంటే ఆయనదే. బ్యాటరీ వైరు ఊడదీయకుండా బండిలో చెయ్యి పెట్టేవాడు కాదు. స్టీరింగ్ ఊడలాగేముందు, దాని చక్రం మీద, లోపలి ఇరుసు మీద ఉలితో ఒకే గీత గీసేవాడు. మళ్లీ బిగించేటప్పుడు రెండు గీతలూ కలవాల్సిందే. "బండి బాగుచేస్తున్నావా, బొమ్మ గీస్తున్నావా?" అని నాన్న వెక్కిరించేవాడు. నాన్న పద్ధతి వేరు. పసుపు జిగురు డబ్బా, సైకిలు ట్యూబు ముక్క ఉంటే లోకంలో బాగుపడని వస్తువు లేదాయనకు.

ప్రమాదం చేసిన ఆ పికప్పును సొంతదారు మళ్లీ ముట్టుకోనన్నాడు. నాన్నే కొన్నాడు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి, పాత కాగితాల కొట్లో తూకానికొచ్చిన పుస్తకాలు చదువుకుంటూ పెరిగింది ఆ బండి ముందు సీట్లోనే. నాన్న తోలుతుంటే ఒకటి గమనించేవాణ్ణి. ప్రతి మలుపూ తిరిగాక ఆయన చెయ్యి ఇండికేటర్ లివర్ మీదికి పోయి దాన్ని మధ్యకు తోసేది. అది ఆయన దర్జా అనుకునేవాణ్ణి. తర్వాత నేను తోలడం మొదలుపెట్టినప్పుడు నాకూ అలాగే నేర్పాడు. స్విచ్చి మారుద్దామంటే మాత్రం కస్సుమనేవాడు.

ఈ ఏడు లివర్ ఎడమ వైపు నిలవడం పూర్తిగా మానేసింది. వారంలో బండికి ఫిట్‌నెస్ పరీక్ష. "చేత్తో పట్టుకుని ఉండు, ఏం కాదు" అన్నాడు నాన్న. నేను కొత్త స్విచ్చి కొని, చెప్పకుండా రైలు గేటు దాటాను.

బాబాయి బండిని చూసి లేవలేదు. చేస్తున్న టార్చిలైటు బిగించి, మూత తిప్పి, వెలిగించి చూసి, అప్పుడు లేచాడు.

"ఇదింకా తిరుగుతోందా?"

"నాన్నలాగే, బాబాయ్. మొండిది."

"మీ నాన్నకు తెలుసా ఇక్కడికొచ్చినట్టు?"

"తెలిస్తే టైర్లు పీకి దాచేవాడు."

ఆయన నవ్వలేదు. గుమ్మంలోంచి పిన్ని మాత్రం అంది, "పదకొండేళ్లకు ఇంజనున్న బండి వచ్చింది. అదీ ఇదే! మనకు శని కూడా సెకండ్ హ్యాండుదే."

ముందు చక్రాలు తిన్నగా పెట్టించాడు. బ్యాటరీ వైరు తీశాడు. హారన్ మూత ఊడదీసి, నట్టు వదులు చేసి, ఉలి తెచ్చి గీత గీశాడు. అంతకుముందు గీత అక్కడ లేదు. బాబాయి చెయ్యి పడిన స్టీరింగ్ మీద గీత లేకపోవడమన్నది ఉండదు. పుల్లర్ బిగించి చక్రం లాగాడు. మూడు స్క్రూలు తీసి పాత స్విచ్చిని నా చేతిలో పెట్టాడు.

దాన్లో రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలుంటాయి. చక్రం తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు వాటిని తన్ని ఇండికేటర్‌ను ఆపుతుంది. ఒక నాలుక విరిగి ఉంది. విరిగినచోట పసుపు జిగురు గడ్డకట్టింది. చుట్టూ ట్యూబు ముక్క.

"ఇది నాన్న పని" అన్నాను.

"ఆ వైరు పట్టుకో. ఎర్రది కాదు, పచ్చది."

"నీకు తెలుసా, బాబాయ్?"

"పచ్చది అన్నానా?"

బిగించడం అయ్యాక నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఎడమకు ఇరవైసార్లు, కుడికి ఇరవైసార్లు వేయించాడు. ఆయన వెనక నిలబడి ఒక్కొక్కసారీ "పడింది", "ఆగింది" అంటూనే ఉన్నాడు.

పాత స్విచ్చిని తీసుకెళ్లి నాన్న అన్నం పళ్లెం పక్కన పెట్టాను. కలిపిన ముద్ద చేతిలోనే ఆరిపోయింది.

"షెడ్డు నా పేరు మీద ఉంది" అన్నాడు చివరికి. "నేనే చేశానంటే మూసేసేవాళ్లు. వాడికి ఎక్కడైనా పని దొరుకుతుందనుకున్నా."

"దొరికిందా?"

నాన్న ముద్దను పళ్లెంలో వదిలేసి లేచాడు.

నేను వదల్లేదు. ఒక బడివాళ్లు తమ ఎనిమిది వ్యాన్లకు పర్మనెంటు ఎలక్ట్రీషియన్ కోసం వెతుకుతున్నారు. బాబాయి వెళ్లి అడిగితే, వ్యాన్ల మేనేజరు "ఇండికేటర్ నువ్వేనా? పిల్లలెక్కే బండ్లయ్యా" అని పంపేశాడు. ఆ మేనేజరు దగ్గరికి నాన్నను అదే పికప్పులో తీసుకెళ్లాను. నాన్నే తోలాడు. ఎడమకు తిరిగాడు. చక్రం వెనక్కి వచ్చింది, టక్కున ఇండికేటర్ ఆగింది. నాన్న చెయ్యి అప్పటికే లివర్ మీదికి పోయింది. అక్కడ దానికి పనేమీ లేదు. కాసేపు గాల్లో ఉండి, ఒళ్లోకి వచ్చి పడింది.

మేనేజరు ముందు నాన్న నిలబడే చెప్పాడు. "ఆ జిగురు పెట్టింది నేను. నా తమ్ముడు కాదు." స్విచ్చి బల్ల మీద పెట్టాడు.

మేనేజరు దాన్ని వేలితో కూడా తాకలేదు. "పదకొండేళ్లకు తమ్ముడు గుర్తొచ్చాడా? ఉద్యోగం కోసం బాగానే కూడబలుక్కున్నారు. అయినా మొన్ననే మనిషిని పెట్టేసుకున్నాం."

అబద్ధాన్ని రెండు మాటలతో నమ్మిన ఊరు ఇది. నిజానికి సాక్ష్యం చేతిలో పెట్టినా కూడబలుక్కున్నారంటుంది. తిరిగి వచ్చేటప్పుడు నేనే తోలాను. నాన్న కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆ సాయంత్రమే బాబాయి దగ్గరికి పోయాను. ఆయన్ను చూడడం అదే ఆఖరు. పై వారం వాళ్లు గది ఖాళీ చేసి పిన్ని పుట్టింటి వైపు వెళ్లిపోయారు. ఆయన ఒక హారన్‌లోంచి తుప్పు గీకుతున్నాడు.

"నాన్న చెప్పేశాడు బాబాయ్. వాళ్లు నమ్మలేదు."

గీకడం ఆపాడు. "చెప్పాడా? అన్నయ్యే? నోటితోనే?"

"నోటితోనే. జిగురు పెట్టింది నేనేనన్నాడు."

"నేను వద్దన్న సంగతి చెప్పాడా?"

"నువ్వు వద్దన్నావా? అయితే మరి ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదు? నీదేం తప్పుందని మోశావు ఇన్నేళ్లు?"

హారన్‌ను నేలమీద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లనే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"ఒక్కసారే అన్నాన్రా, వద్దు అన్నయ్యా అని. కసిరాడు. నోరు మూసుకున్నా. బండి నా కళ్లముందే షెడ్డు గేటు దాటింది, పరిగెత్తి ఆపి ఉండొచ్చు. రెండోసారి అనలేదు."