ఎండుటాకుల దొంగ

బసవపున్నారావు ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి, ఒక్కనాడు కూడా ప్రయాణికుల్ని "లోపలికి జరగండి" అని గట్టిగా అనలేకపోయాడు. అందామని నోరు తెరిచేవాడు. ఎదుటి మనిషి తలెత్తి చూసేవాడు. అంతే, ఆ మాట కాస్తా "ఎండలు ముదిరాయి కదండీ" అయి బయటికొచ్చేది. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే బస్సులో రోజూ ఎక్కే టీచరమ్మలు అతని అవస్థ చూడలేక తామే కేకలేసేవాళ్ళు. "కాస్త జరగండయ్యా, పాపం కండక్టరు గారు మెట్టు మీద వేలాడుతున్నారు!"

మొహమాటం అందరికీ కాస్తో కూస్తో ఉంటుంది. పున్నారావుది వేరే రకం. ఒకసారి సెలూన్లో పనిచేసే మనిషి ఎవరితోనో కబుర్లాడుతూ అతని మీసం ఒక పక్క ఎక్కువ కత్తిరించేశాడు. రెండో పక్క కూడా సరిచెయ్యమంటే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటాడని పున్నారావు లేచి, "బాగుందండీ" అని మెచ్చుకుని మరీ వచ్చాడు. పదిహేను రోజులు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే టిక్కెట్లు కొట్టాడు.

ఇలాంటి మనిషి రిటైరయ్యాక, భార్య కృష్ణవేణితో నూజివీడులోనే ఒక చిన్న డాబా ఇంట్లో అద్దెకు దిగాడు. పక్కిల్లు వీరభద్రరావు గారిది. ఆయనకు రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్నాయి. తోటలు అక్కడున్నా ప్రాణం మాత్రం టౌనులో ఇంటి పెరట్లో ఉన్న ఒక్క చిన్నరసం మామిడి చెట్టు మీదే. దానికి తోడు ఒక బాదం చెట్టు, ఒక సపోటా. మాఘమాసం వచ్చిందంటే బాదం చెట్టు ఉన్న ఆకునంతా ఎర్రగా పండించి నేల మీదకు వదిలేస్తుంది. పనిచేసే వెంకాయమ్మ సాయంత్రం ఆ ఆకులన్నీ ఊడ్చి గోడ పక్కన కుప్ప పోస్తుంది. తెల్లవారి ఆరింటికి వీరభద్రరావు గారు కాఫీ తాగి, లుంగీ పైకి కట్టి, కుప్పలో కొంత చిన్నరసం చెట్టు కింద పోసి అగ్గిపుల్ల గీస్తారు. పొగ పెడితే పూత మీద పురుగు చేరదనీ, పిందె నిలుస్తుందనీ ఆయన నమ్మకం. తోటలో కూడా అలాగే చేస్తారు. తోటలో పొగకి పోవడానికి పదెకరాల చోటుంది. ఇక్కడ పోవడానికి ఉన్నది కృష్ణవేణి పడుకునే గది కిటికీ ఒక్కటే.

కృష్ణవేణికి ఆయాసం. కిందటేడు దీపావళి మర్నాడు మొదటిసారి ఊపిరాడక కొట్టుకుంటుంటే, కారు తీసి విజయవాడ దాకా తీసుకెళ్ళింది ఈ వీరభద్రరావు గారే. సాయంత్రం దాకా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, ఇడ్లీ పొట్లాలు తెచ్చి పెట్టి, ఇంటికి దింపి వెళ్ళారు. అప్పట్నుంచి ఆయన గేటు కనిపిస్తే చాలు, పున్నారావుకి చెప్పులు విడిచి నడవాలనిపించేది.

ఇప్పుడు ఆ మనిషి పొగే ఆవిడ ప్రాణం మీదకొచ్చింది. ఫాల్గుణం వచ్చేసరికి కృష్ణవేణి రాత్రిళ్ళు గోడకి రెండు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోతోంది. డాక్టరు మందులు మార్చి చూశాడు. చివరికి విసుగ్గా చెప్పాడు. "ఇంట్లోకి పొగ రానివ్వకండి. పొగ పీల్చినన్నాళ్ళూ మందులు ఏమీ చెయ్యవు. ఇంకో నాలుగు నెలలు ఇలాగే సాగితే ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని బతకాలి."

"పక్కింటాయనకి... మీరు చెప్తారా..." ఇంటికొచ్చాక అడుగుతూనే కృష్ణవేణి గుక్క తిప్పుకుంది. "నన్ను చెప్పమంటారా?"

"నువ్వు మాట్లాడితే ఆయాసం వస్తుంది కదా. నేనే చెప్తాలే, టైం చూసి."

మొదటిరోజు వెళ్ళి గుప్పెడు కరివేపాకుతో తిరిగొచ్చాడు. రెండోసారి సొరకాయ తెచ్చాడు.

"చెప్పారా?"

"కాయ చాలా లేతగా ఉంది. చెప్పేలోపు చేతిలో పెట్టేశారు."

మూడోరోజు గట్టిగా నిశ్చయించుకుని, మంట ముందుకే వెళ్ళి నిలబడ్డాడు. "వీరభద్రరావు గారూ, మీ ఈ పొగ ఉంది చూశారూ..." అన్నాడు. ఆయన తలెత్తి చల్లగా నవ్వారు. అంతే, పున్నారావు మాట మారిపోయింది. "...అబ్బ, ఏం వాసనండీ! అచ్చం సాంబ్రాణి వేసినట్టు."

మర్నాడు వీరభద్రరావు గారు కుప్ప మీద ఇంకో గంపెడు ఆకు అదనంగా వేయించారు. పక్కింటివాళ్ళకు ఇష్టమని.

ఆ పొద్దు కృష్ణవేణికి దగ్గి దగ్గి పెదాలు నల్లబడ్డాయి. పున్నారావు ఆవిడ వీపు రాస్తూ, తనని తాను మనసులో తిట్టుకోవలసినన్ని తిట్లు తిట్టుకున్నాడు. తిట్లయితే వచ్చాయి గానీ, ఆ ఒక్క ముక్క చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఆకులే లేకపోతే పొగ ఎక్కడిది అన్న ఆలోచన వచ్చింది. చెప్పలేనివాడికి దొంగతనం సులువనిపించిందంటే, మొహమాటం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

మర్నాడు ఐదింటికి, వాకింగ్‌కని చెప్పి బయటపడ్డాడు. తలకి తువ్వాలు చుట్టాడు. గోడ పక్కన స్టూలు వేసుకుని, రెండు బియ్యం సంచులతో అవతలికి దిగాడు. ఎండిన బాదం ఆకు ఎంత చప్పుడు చేస్తుందో అతనికి ఆ రోజే తెలిసింది. ఒక్కో ఆకు అప్పడం విరిగినట్టు విరిగింది. రెండు సంచులూ నింపి, డాబా మీదకు మోసి, మూలనున్న పాత డ్రమ్ములో కుక్కాడు. మరి ఇన్ని ఆకులు ఏం చెయ్యాలి? ఎక్కడ పారబోసినా ఎవరో ఒకరు తగలేస్తారు. బస్సులో ఒక వ్యవసాయాధికారి ఎప్పుడో ఆకుల ఎరువు గురించి డ్రైవరుకి చెబుతుండగా విన్నది గుర్తొచ్చి, డ్రమ్ముకి మేకుతో చిల్లులు పొడిచాడు. బియ్యం కడిగిన నీళ్ళు, పులిసిన మజ్జిగ, కూరగాయల తొక్కలు పైన వేస్తూ వచ్చాడు. కృష్ణవేణి మెట్లెక్కలేదు కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

రోజూ ఇదే పని చేశాడు. నాలుగు రోజులు పొగ రాలేదు. ఐదోరోజు పొద్దున కృష్ణవేణి ఏడింటిదాకా నిద్రపోయింది. లేచి, కిటికీ తీసి, చాలాసేపు అక్కడే నిలబడింది.

"మొత్తానికి చెప్పారన్నమాట! ఏమన్నారు పాపం?"

పున్నారావు కాఫీ గ్లాసులో మొహం దాచుకున్నాడు. "పెద్దమనిషి కదా ఆయన."

అది అబద్ధం కాదు. అదే దాంట్లో ఉన్న చిక్కు. ఉగాదికి ఆవిడ బొబ్బట్లు చేసి, "మన మాట మన్నించారు, ఇచ్చి రండి" అని గిన్నె చేతిలో పెట్టింది. "ఏంటయ్యా పున్నారావ్, విశేషం?" అని ఆయనడిగితే, "ఊరికేనండీ" అన్నాడు. దొంగిలించిన ఇంటికి బొబ్బట్లు పట్టుకెళ్ళినవాడు మన జిల్లాలో ఇతనొక్కడే అయ్యుంటాడు.

ఇంకో వారం గడిచింది. ఒక పొద్దున పాలప్యాకెట్లు పట్టుకుని వస్తుంటే వీరభద్రరావు గారి గేటు దగ్గర కేకలు వినిపించాయి.

"రెండు వారాలుగా చూస్తున్నా! సాయంత్రం ఊడ్చానంటావ్, పొద్దున కుప్ప ఉండదు. అసలు ఊడుస్తున్నావా, లేక ఎవరింటికైనా చేరేస్తున్నావా?"

"చేరేసి నేనేం చేసుకుంటానయ్యగారూ?" వెంకాయమ్మ చీపురు నేలకేసి కొట్టింది. "ఎండుటాకులు కూరొండుకుంటానా, కోక కుట్టుకుంటానా? ఇదుగో, ఈ అరచెయ్యి చూడండి. ఊడ్చీ ఊడ్చీ మీ చెట్టుకన్నా ముందు దీనికే కాయలు కాసినియ్యి!"

ఎదురింటివాళ్ళు నోట్లో బ్రష్షులతోనే బయటికొచ్చారు. ఒక ఆటో ఆగింది.

"నోటికేం తక్కువ లేదు. రేపట్నుంచి రావద్దులే. ఇంకెవరినైనా చూసుకుంటా."

పున్నారావు గేటు దగ్గరే ఆగాడు. తన ఇంటి కిటికీ వంక చూశాడు. రెక్కలు రెండూ తెరిచే ఉన్నాయి. ఇప్పుడు నోరు విప్పితే రేపట్నుంచి ఆ కిటికీ మళ్ళీ మూసుకోవలసి రావచ్చు. విప్పకపోతే, తన చేతకానితనానికి వెంకాయమ్మ పని పోతుంది.

నోరు తెరిచాడు. "ఎండలు..." అని వచ్చింది. మింగేశాడు.

"నేనేనండీ."

"ఏంటి నువ్వు?"

"ఆకులు. నేనే తీసుకెళ్తున్నానండీ. ఐదింటికి. గోడ దూకి."

వీరభద్రరావు గారు గోడ వంక చూశారు. తర్వాత పున్నారావు పొట్ట వంక చూశారు. "నువ్వా? గోడా?"

"స్టూలు వేసుకునండీ."

ఆటోలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అడిగితే ఇవ్వనా? ఎండుటాకులు దొంగతనం చేసే ఖర్మేంటయ్యా నీకు?"

"ఆకులు కాదండీ నాక్కావలసింది. పొగ వద్దండీ. మా ఆవిడకి ఊపిరాడట్లేదు. ఫాల్గుణమంతా కూర్చునే పడుకుంది. డాక్టరు సిలిండరు పెట్టాలంటున్నాడు. చెప్దామని మూడుసార్లొచ్చాను. మీరు చేసిన ఉపకారానికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? వెంకాయమ్మ తప్పేం లేదండీ, తప్పంతా నాది..." ముప్పై ఏళ్ళుగా అనని మాటలన్నీ ఒకేసారి తోసుకొచ్చాయి. ఆగాక తనకే భయమేసింది.

వీరభద్రరావు గారి మొహం వాడిపోయింది. "అంటే, నేనే కారులో తీసుకెళ్ళి, తీసుకొచ్చి, రోజూ పొద్దున్నే నేనే ఆ అమ్మకి పొగ పెట్టానా?" గొంతు తగ్గింది. ఆ వెంటనే పెరిగింది. "నోరుంది కదయ్యా, చెప్పొద్దూ? నన్నంత పరాయివాణ్ణి చేశావేంటి? పైగా సాంబ్రాణి వాసనన్నావ్! నీకిష్టమని ఇంకో గంప ఎక్కువ వేయించాను!"

"సాంబ్రాణా?" అని వెనక నుంచి ఒక గొంతు. కృష్ణవేణి తమ ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు గానీ, ఆ చూపుని బట్టి అంతా విన్నట్టే ఉంది.

వీరభద్రరావు గారు వెంకాయమ్మ వైపు తిరిగారు. "పొరపాటయింది వెంకాయమ్మా. రేపు రా."

"రేపేంటి? ఇవాళ్టి వాకిలి సగంలో ఉంది," అని ఆవిడ కొంగు బిగించి, కావాలనే దుమ్ము ఆయన కాళ్ళ మీద పడేటట్టు ఊడ్చింది.

ఆ సాయంత్రం ఆయన పున్నారావు డాబా ఎక్కారు. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఠక్కున వెనక్కి తీశారు. లోపల ఆకు వెచ్చగా ఉంది. నల్లబడి, తొలకరి మన్ను వాసన వేస్తోంది.

"మా నాన్న పాదుల్లో ఇలాగే ఆకు కప్పేవాడయ్యా," అన్నారు. "తగలెయ్యడం తర్వాత మేం నేర్చుకున్నదే." అంతలోనే మొహం ముడుచుకున్నారు. "సరే గానీ, పొగ లేక పిందె రాలిందనుకో?"

రాలదని చెప్పి ఆయన్ని సంతోషపెట్టడం పున్నారావుకి వెన్నతో పెట్టిన విద్య. కానీ, "నాకు తెలియదండీ," అన్నాడు.

ఆ ఏడు పొగ పెట్టలేదు. ఆకంతా చిన్నరసం చెట్టు పాదులోనే పరిచి తడిపారు. పిందెలు రాలాయి. వీరభద్రరావు గారు రోజూ రాలినవి ఏరి గోడ మీద వరసగా పెట్టి, "చూడు, ఇవాళ పదకొండు" అని పున్నారావుకి చూపించేవారు. ఒకరోజు గాలివాన వచ్చి ఏకంగా గంపెడు రాలాయి. ఆ రోజు ఆయన వాటిని గోడ మీద పెట్టలేదు. తర్వాత చెట్టు కింద నిలబడి, మిగిలిన కాయల్ని చాలాసేపు చూసి, "ఏటా ఇంతేలే," అని ఆయనే ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే.

ఈలోగా వీధిలో పున్నారావుకి ఆకుల దొంగ అని పేరొచ్చేసింది. దాంతో ప్రతివాళ్ళూ ఊడ్చిన చెత్త సంచుల్లో నింపి అతని గేటుకి తగిలించసాగారు. కాదనలేక అన్నీ డాబా ఎక్కించాడు. బట్టలారేసుకోవడానికి చోటు లేకపోయేసరికి కృష్ణవేణి ఒక్క చూపు చూసింది. అతను చెప్పులేసుకుని, నాలుగో సంచి తెచ్చిన మందుల షాపాయన ఇంటికి వెళ్ళి, "ఇక చాలండీ. మీరే ఒక డ్రమ్ము పెట్టుకోండి. చిల్లులు నేనొచ్చి పొడుస్తాను," అన్నాడు. ఆయన ఏమీ అనుకోలేదు. ఇప్పుడా వీధిలో మూడిళ్ళలో డ్రమ్ములున్నాయి. చివరింటివాళ్ళు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు అంటిస్తారు. పున్నారావు వెళ్ళి చెప్పి వస్తాడు. వాళ్ళు ఆర్పుతారు, మళ్ళీ అంటిస్తారు, అతను మళ్ళీ వెళ్తాడు.

చైత్రం వెళ్ళేసరికి కృష్ణవేణి ఒక్క దిండుతో, మంచం మీద వాలి పడుకుంటోంది. డాబా మెట్లు మధ్యలో ఒకసారి ఆగి ఎక్కేస్తోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పున్నారావు చారన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, ఆలోచించి, "చారులో ఉప్పెక్కువైంది," అన్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో మొదటిసారి.

కృష్ణవేణి చారు గరిటె గిన్నెలో దించింది. తర్వాత అందుకుంది. "పొగ సంగతి చెప్పమన్నాను గానీ చారు సంగతి చెప్పమన్నానా, ఇన్నేళ్ళూ ఇదే ఉప్పు తిని ఇవాళ నోరు లేచిందా, ఎవరింట్లోనో దొంగతనం చేసి నాచేత వాళ్ళకే బొబ్బట్లు చేయించిన మనిషి కూడా నా వంటకి వంక పెట్టేవాడే, రేపట్నుంచి మీ చారు మీరే కాచుకోండి!"

అంతా ఒక్క ఊపిరిలో అంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. పున్నారావు తల వంచుకుని, ఆ ఉప్పు చారే ఇంకో గరిటె పోయించుకున్నాడు.